నంబరు లేని బండి: రవాణా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,



నేను విజయవాడ పటమటలో ఉంటాను. ముప్ఫై ఆరేళ్లు జూనియర్ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. మూడేళ్లుగా ఎలక్ట్రిక్ స్కూటరు నడుపుతున్నాను. ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అంకెలున్న బండి అది. ఆర్సీ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, నాకు లైసెన్సు ఉంది. రైతు బజారుకీ, బ్యాంకుకీ, బెంజి సర్కిల్ అవతల ఉన్న మా అక్క వాళ్లింటికీ దాని మీదే వెళతాను. పొగ లేదు, మోత లేదు, పెట్రోలు బంకుల చుట్టూ తిరిగే పని లేదు. ఈ బండ్లంటే నాకు ఇష్టం. ఇష్టం కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న వేసవిలో మా వీధిలో జరిగిన సంగతి ముందు చెబుతాను.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. అందరం బాబాయిగారు అంటాం. డెబ్బై ఎనిమిదేళ్లు. ఒక కంటికి చూపు బాగా తగ్గింది. రోజూ ఉదయం ఆరింటికి పాల ప్యాకెట్ల కోసం రోడ్డు దాటి అవతలి కొట్టుకు వెళతారు. ఆయన రోడ్డు దాటే తీరు నేను ఎన్నోసార్లు చూశాను. గేటు బయట ఆగుతారు. తల కాస్త కుడివైపు వంచుతారు. వింటారు. ఆటో వస్తోందా, బుల్లెట్ వస్తోందా, స్కూలు బస్సా, ఎంత దూరంలో ఉంది, అన్నీ ఆ చెవే చెబుతుంది. ఏమీ వినిపించకపోతే అడుగేస్తారు. మన ఊళ్లో పెద్దవాళ్లు చాలామంది రోడ్డు దాటేది ఇలాగే, కళ్లతో కాదు, చెవులతో.

ఆ రోజు ఏమీ వినిపించలేదు. అడుగేశారు.

నేను బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. దబ్బుమన్న చప్పుడుకు కిందికి చూస్తే బాబాయిగారు రోడ్డు మీద ఒక పక్కకు పడి ఉన్నారు. పాల సంచి కొంచెం దూరంలో ఉంది. స్కూటరు పక్కకు ఒరిగి ఉంటే వెనక చక్రం చప్పుడు లేకుండా ఇంకా తిరుగుతూనే ఉంది. పద్నాలుగేళ్ల కుర్రాడు మోచెయ్యి గీరుకుపోయి, రక్తం తుడుచుకోవడం కూడా మరిచిపోయి, "తాతగారూ, తాతగారూ" అంటూ ఏడుస్తున్నాడు. వెనక కూర్చున్న చెల్లెలికి తొమ్మిదేళ్లుంటాయేమో, ట్యూషన్ సంచి గుండెలకు హత్తుకుని బిగుసుకుపోయి నిలబడింది. బండి వెనక నంబరు ప్లేటు ఉండాల్సిన చోట దేవుడి స్టిక్కరు ఉంది.

బాబాయిగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని గది దాకా నడుస్తున్నారు, గేటు దాటడం లేదు. ఆయన పిల్లవాడి మీద కేసు పెట్టనివ్వలేదు. ఆ కుర్రాడి తండ్రి చిన్న ఉద్యోగి. తన వల్ల అయినంత తెచ్చి చేతిలో పెట్టి, తల వంచుకుని ఒక మాట అన్నాడు. "లైసెన్సు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు, పిల్లలు కూడా నడపొచ్చు అని బండి అమ్మినప్పుడే చెప్పారండీ. అందుకే ఇచ్చాం."

కమిషనర్ గారూ, ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే.

చట్టం మీకు తెలిసిందే. ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, అలా ఉందని అధికారిక పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఆ బ్యాటరీ బండిని మోటారు వాహనంగా లెక్కించవు. కాబట్టి రిజిస్ట్రేషను అక్కర్లేదు, లైసెన్సు అడగరు, ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు. సైకిలుకు కాస్త అన్న లాంటి బండి అనుకుని ఇచ్చిన వెసులుబాటు అది. మోకాళ్ల నొప్పులున్న ముసలాయన గుడికి వెళ్లి రావడానికి, కూరగాయలమ్మే మనిషి తెల్లారుజామున మార్కెట్టుకు పోయి రావడానికి అలాంటి బండి ఉండాల్సిందే. దాన్ని తీసేయమని నేను అడగడం లేదు.

కానీ ఆ వెసులుబాటు కాగితాలకే. బాబాయిగారి తుంటికి ఆ సంగతి తెలియదు. కాగితాలు అక్కర్లేదంటే నియమాలూ అక్కర్లేదనే అర్థం జనంలో పాతుకుపోయింది. అమ్మే చోట చెప్పే మాట అలా ఉంది మరి. రెడ్ లైటు పడ్డా పోవచ్చు, ఎదురు రూట్లో రావచ్చు, ముగ్గురు ఎక్కొచ్చు, పదేళ్ల పిల్లవాడి చేతికీ ఇవ్వొచ్చు అనుకుంటున్నారు. రామవరప్పాడు రింగు దగ్గర సర్వీసు రోడ్డులో సాయంత్రం పావుగంట నిలబడితే చాలు. యూటర్ను దాకా వెళ్లడానికి బద్ధకించి ఎదురుగా వచ్చే బండ్లలో నంబరు లేనివి ఎన్ని ఉంటాయో కళ్లారా చూడొచ్చు. పెట్రోలు బండి ఎదురు రూట్లో వస్తే చప్పుడైనా ముందు వస్తుంది. ఇది చప్పుడు లేకుండా మీద పడుతుంది.

చప్పుడు సంగతి ప్రపంచమంతా ఆలోచిస్తున్నదే. ఐరోపా సమాఖ్యలో 2021 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి ఎలక్ట్రిక్ కారూ నెమ్మదిగా వెళ్లేటప్పుడు కావాలని ఒక శబ్దం చెయ్యాలి. చూపులేని వాళ్లూ, పెద్దవాళ్లూ, పిల్లలూ వినడానికి. అది కార్లకు. మన సందుల్లో తిరిగేవి స్కూటర్లు, వాటికి ఆ నియమం లేదు. అందుకని ఎవరూ చెప్పకుండానే నేను ఒక అలవాటు చేసుకున్నాను. సందు మలుపులో, ఆగి ఉన్న ఆటో పక్క నుంచి, గుడి ముందు, బడి ముందు వెళ్లేటప్పుడు హారన్ ఒక్కసారి మెల్లగా కొడతాను, వేగం నడిచే మనిషి స్థాయికి తగ్గిస్తాను. రోడ్డు పక్కన ముసలివాళ్లు నిలబడి కనిపిస్తే వాళ్లు నన్ను చూశారని రూఢి అయ్యేదాకా ముందుకు కదలను. ఈ-స్కూటరు నడిపే ప్రతి మనిషికీ ఇది మొదటి పాఠం కావాలి. మనం వస్తున్నట్టు అవతలి మనిషికి తెలియదు అనే అనుకుని నడపాలి.

ఇక రెండో సంగతి. అసలు ప్రమాదం ఇక్కడుంది.

25 కిలోమీటర్ల లోపు అని పరీక్షలో తేలిన బండి, కొన్న వారానికే 40, 45 వెళుతోంది. ఎలాగో మా వీధి కుర్రాళ్లందరికీ తెలుసు. కంట్రోలరు దగ్గర వేగాన్ని పట్టి ఉంచే వైరు ఒకటుంటుంది. దాన్ని ఊడదీస్తే సరి. పది నిమిషాల పని. ఇంకొన్నింటికి బటన్లతోనే "మోడు" మారుస్తారు. "కొంచెం పికప్ పెంచి ఇవ్వన్నా" అంటే చాలు, చేసే మెకానిక్కులున్నారు. అమ్మేటప్పుడే చేసిచ్చేవాళ్లూ ఉన్నారని తల్లిదండ్రులు నాతో చెప్పారు.

క్లాసులో పిల్లలకు చెప్పిన లెక్కే ఇక్కడా చెబుతాను. 25 వేగంతో వెళ్లే బండి సెకనుకు 7 మీటర్లు పోతుంది. 45లో పన్నెండున్నర మీటర్లు. ఎదుటి మనిషిని చూసి, బ్రేకు మీద వేలు బిగించేసరికి ఒక సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పడకముందే ఆ దూరమంతా అయిపోయింది. దెబ్బ సంగతి ఇంకా వేరు. వేగం పెరిగినంతే దెబ్బ పెరగదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 25లో గోడకు గుద్దుకుంటే రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడ్డట్టు. 45లో గుద్దుకుంటే ఎనిమిది మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు మూడంతస్తుల మీద నుంచి పడ్డట్టు. ఆ బండి బ్రేకులు, టైర్లు, ఫ్రేము 25 కోసం తయారైనవి. మోటారును మాత్రం విప్పి వదిలేశారు. ఏ తల్లీ తన బిడ్డను మూడో అంతస్తు పిట్టగోడ మీద నిలబెట్టదు.

చట్టం చూపులో కూడా ఆ వైరు తీసిన క్షణాన బండి మారిపోతుంది. 25 దాటిందంటే అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషను లేని, ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం. దాని మీద మైనరు పిల్లవాడు ప్రమాదం చేస్తే, 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షను కింద తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. బండిని అలా మార్చి అమ్మిన డీలరుకు 182ఏ సెక్షను కింద ఏడాది దాకా జైలో, బండికి లక్ష రూపాయల జరిమానానో, రెండూనో. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కొనడానికి షోరూము మెట్లెక్కే తండ్రికి వీటిలో ఒక్కటీ తెలియదు. అతనికి తెలిసిందల్లా "లైసెన్సు అక్కర్లేదు" అనే బోర్డు.

ఇన్సూరెన్సు గురించి ఒక్కమాట. నంబరున్న బండి గుద్దితే, దెబ్బతిన్న మనిషికి థర్డ్ పార్టీ బీమా నుంచి పరిహారం అడిగే దారి ఉంటుంది. నంబరు లేని బండి గుద్దితే గుద్దినవాడి జేబే దిక్కు. ఆ కుర్రాడి తండ్రిలాంటి వాడైతే ఆ జేబులో ఏముంటుంది? బాబాయిగారి కొడుకు ఆపరేషను ఖర్చు అప్పు తెచ్చి కట్టాడు. రెండు కుటుంబాలూ చితికిపోయాయి. తప్పు చెప్పినవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు.

హెల్మెట్టు సంగతి చెప్పకుండా ఉండలేను. మన రాష్ట్రంలో మూడు నెలల్లోనే హెల్మెట్టు లేక 667 మంది చనిపోయారని 2024 డిసెంబరులో హైకోర్టు ఆవేదన వ్యక్తం చేసింది. దేశం మొత్తం మీద 2022లో హెల్మెట్టు లేక చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఈ రెండో అంకె దగ్గర ఆగిపోయి ఆలోచించండి. భర్త హెల్మెట్టు పెట్టుకుని, వెనక భార్యను ఒట్టి తలతో కూర్చోబెట్టుకుని పోవడం బందరు రోడ్డు మీద రోజూ చూస్తాం. చలానా పడేది నడిపేవాడికి కాబట్టి నడిపేవాడి తల మీద ఒక టోపీ. హెల్మెట్టు పెట్టుకుంటే తలకు దెబ్బ తగిలే ముప్పు 69 శాతం, చనిపోయే ముప్పు 42 శాతం తగ్గుతుందని ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళితే వాళ్లకు హెల్మెట్టు, నడిపేవాళ్లకు కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 దాటకూడదని కేంద్రం పెట్టిన నియమం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. విజయవాడలో అలా బెల్టు కట్టిన బిడ్డను నేను ఇంతవరకు చూడలేదు. మోటారు వాహనం కానప్పుడు హెల్మెట్టు సెక్షను తమకు వర్తించదని నంబరు లేని బండివాళ్లు వాదిస్తారు. వాదించనివ్వండి. తారు రోడ్డు ఆ వాదన వినదు.

పిల్లల సంగతిలో ఇంకొకటి ఉంది. పెట్రోలు బండి అయితే ఇంజను మోగుతుంది కాబట్టి ఆన్‌లో ఉందని తెలుస్తుంది. ఈ-బండి ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా ఒకేలా నిశ్శబ్దంగా ఉంటుంది. మొన్న ఆదివారం ఒక టిఫిన్ సెంటరు ముందు చూశాను. తండ్రి బండి దిగకుండానే ఒక కాలు కింద ఆనించి పార్సిలు కోసం చెయ్యి చాపాడు. ముందు నిలబడ్డ నాలుగేళ్ల పాప హ్యాండిలు పట్టుకుని ఆటగా మెలితిప్పింది. బండి ఒక్క ఉదుటున ముందుకు దూకి, ఇడ్లీ పొయ్యికి మూరెడు దూరంలో ఆగింది. పార్సిలు సాంబారంతా నేలపాలైంది. పాప క్షేమం. ఎలక్ట్రిక్ మోటారుకు ఉన్న గుణమే అది. కదలడం మొదలుపెట్టిన క్షణంలోనే దాని పూర్తి బలం చక్రానికి అందుతుంది. ఆగగానే తాళం తిప్పి ఆఫ్ చెయ్యండి. పిల్లల్ని ముందు నిలబెట్టుకోకండి. ఇంతకన్నా తేలికైన జాగ్రత్త ఉండదు.

మన డెల్టా రోడ్లు ఈ బండ్లకు పెట్టే పరీక్ష వేరు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, అవనిగడ్డ వైపు ఇప్పుడు ఊరూరా ఈ-స్కూటర్లు వచ్చాయి. అక్కడ కాలువ గట్టే రోడ్డు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో చేలు, మధ్యలో సన్నటి తారు. చాలాచోట్ల పిట్టగోడ లేదు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే అంచుకు దిగాల్సిందే. తేలిక బండి, సన్నటి టైరు, వానకు నానిన గట్టు. కోతల కాలంలో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. రైతుకు వేరే కల్లం లేదు, ఆ కష్టం నాకు తెలుసు, మా నాన్నగారూ అలా ఆరబోసినవాళ్లే. కానీ రాత్రయ్యాక ఆ రాశుల చుట్టూ పెట్టిన రాళ్లు కనిపించవు. చవక ఈ-బండి హెడ్‌లైటు ఎంత దూరం పడుతుందో నడిపినవాళ్లకు తెలుసు. వడ్ల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. చీకటి పడ్డాక గట్టు రోడ్ల మీద తక్కువ వేగం బండి తియ్యకండి. తప్పనిసరైతే వెనక రెడ్ లైటు వెలుగుతోందో లేదో చూసుకుని బయల్దేరండి. లారీలు పోయే జాతీయ రహదారి మీదికి 25 వేగం బండితో అసలు ఎక్కవద్దు. వారధి మీదా అంతే. వెనక వచ్చే టిప్పరు డ్రైవరు మిమ్మల్ని బండి అనుకోడు, ఆగి ఉన్న వస్తువు అనుకుంటాడు, అదీ కనిపిస్తే.

బ్యాటరీ గురించి విజయవాడ వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 23 తెల్లారుజామున సూర్యారావుపేట గులాబీతోటలో, ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి పెద్ద చనిపోయాడు. భార్యాబిడ్డలు కాలిన గాయాలపాలయ్యారు. బండి కొని ఒక్కరోజే అయింది. అదే నెలలో నిజామాబాదులోనూ ఇలాగే ఒక వృద్ధుడు పోయాడు. ఆ ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక హోటలు భవనం కింద ఉన్న ఈ-స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పైన లాడ్జిలో ఉన్నవాళ్లలో 8 మంది చనిపోయారు. నిప్పు కన్నా పొగే ఎక్కువమందిని తీసుకుపోయింది. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీ పరీక్షల నియమాలు బిగించింది. 2022 డిసెంబరు నుంచి కొన్ని, 2023 మార్చి ఆఖరు నుంచి మిగతావి అమల్లోకి వచ్చాయి. సెల్లుల మధ్య ఎడం, వేడి ఎక్కితే ముందే హెచ్చరించే ఏర్పాటు, నీరు చొరకుండా కట్టుదిట్టం, చార్జరు దానంతటది ఆగిపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మంచిదే. కానీ అంతకుముందు అమ్మిన బ్యాటరీలు ఇంకా మన మెట్ల కిందే ఉన్నాయి. పాత బ్యాటరీలు విప్పి, సెల్లులు ఏరి, కొత్త డబ్బాలో బిగించి తక్కువ ధరకు ఇచ్చే చోట్లూ ఉన్నాయి.

ఒక లిథియం సెల్లు లోపల షార్టయితే వేడెక్కుతుంది. ఆ వేడికి దానిలోని రసాయనాలు ఇంకా వేడిని పుట్టిస్తాయి. పక్క సెల్లుకు అంటుకుంటుంది. ఆ వరస ఒకసారి మొదలైతే కరెంటు తీసేసినా ఆగదు. అందుకే ఈ నాలుగు మాటలు. పడక గదిలో చార్జింగు పెట్టొద్దు. మెట్ల కింద, గుమ్మం దగ్గర పెట్టొద్దు, మంట లేస్తే బయటికి పోయే దారి అదే కదా. అందరూ నిద్రపోయాక పెట్టొద్దు. ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే ప్లగ్గు తగిలించకుండా కాసేపు చల్లారనివ్వండి. బండితో వచ్చిన చార్జరు తప్ప వేరేది వాడొద్దు. బ్యాటరీ డబ్బా ఉబ్బినా, ఏదో తియ్యటి మందు వాసన వచ్చినా, చేతికి చుర్రుమన్నా దాన్ని ఆరుబయటికి చేర్చి సర్వీసువాళ్లను పిలవండి. మూడో అంతస్తు బాల్కనీ నుంచి సెల్లారులోకి వేలాడే ఎక్స్‌టెన్షను వైర్లు మా చుట్టుపక్కల ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నాయి. ఫ్యాను కోసం కొన్న సన్న వైరు అది. గంటల తరబడి చార్జింగు లోడు మోస్తే లోపలి రబ్బరు కరుగుతుంది.

బుడమేరు వరదను కూడా మరిచిపోకూడదు. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. వీధుల్లో బండ్లు హ్యాండిళ్ల దాకా మునిగాయి. నీరు తీశాక చాలామంది ఎండలో ఆరబెట్టి, గుడ్డతో తుడిచి, చార్జింగు పెట్టి చూశారు. పెట్రోలు బండికి అది సరిపోతుందేమో కానీ బ్యాటరీకి సరిపోదు. బురద నీటిలోని లవణాలు లోపల తీగల మధ్య పొరలా మిగిలిపోతాయి, వారాల తర్వాత కూడా అవి షార్టు చెయ్యగలవు. మునిగిన బ్యాటరీని విప్పి పరీక్షించకుండా చార్జింగు పెట్టకూడదు. రేపు మళ్లీ వరద వస్తే ఆహార పొట్లాలతో పాటు ఈ మాట కూడా మైకులో చెప్పించండి.

కమిషనర్ గారూ, పోలీసులు రోడ్డు మీద ఆపి చలానా రాస్తారు. కానీ నంబరు లేని బండికి చలానా ఎవరి పేరున రాస్తారు? కెమెరా దేన్ని చదువుతుంది? కాబట్టి ఈ బండ్లను రోడ్డు మీద కాదు, అమ్మే చోటే పట్టుకోవాలి. అది మీ శాఖ చేతిలో ఉంది.

మీ బ్రేకు ఇన్‌స్పెక్టర్లను తక్కువ వేగం బండ్లు అమ్మే ప్రతి షోరూముకూ పంపండి. ముందు చెప్పి కాదు, చెప్పకుండా. అక్కడ నిలిపి ఉంచిన బండ్లలో ఒకదాన్ని తీసి నడిపి చూడమనండి, 25 దాటుతోందో లేదో మీటరు కాకపోతే మొబైలే చెబుతుంది. పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం గోడకు తగిలించి ఉందా, అందులోని మోడలూ అమ్ముతున్న మోడలూ ఒకటేనా అని చూడమనండి. కొన్న ప్రతి మనిషి చేతా ఒక తెలుగు కాగితం మీద సంతకం చేయించే ఏర్పాటు చెయ్యండి. వైరు తీస్తే ఈ బండి మోటారు వాహనం అవుతుంది, అప్పుడు పిల్లవాడికి ఇస్తే మీరు జైలుకు వెళతారు, అని పెద్దక్షరాల్లో. రిజిస్ట్రేషను లేకపోయినా, ప్రతి బండికీ ఒక గుర్తింపు సంఖ్య వెనకవైపు కనపడేలా అంటించి, దాన్ని డీలరు రిజిస్టరులో రాసుకోవాలని షరతు పెట్టండి. "లైసెన్సు అక్కర్లేదు" అని బోర్డు రాసేవాడు, దాని కిందే అంతే పెద్ద అక్షరాల్లో "రోడ్డు నియమాలు అన్నీ వర్తిస్తాయి" అని రాయాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు. కొత్త చట్టం అవసరమైన చోట కేంద్రానికి రాయండి, మేము సంతకాలు పెడతాం.

ట్యూషన్లకూ ఇంటరు కాలేజీలకూ ఒక నోటీసు పంపండి. గేటు దగ్గర పదిహేనేళ్ల పిల్లల స్కూటర్లు వరసగా పెట్టుకోనిచ్చే కాలేజీ కూడా ఇందులో బాధ్యత మొయ్యాలి. ముప్ఫై ఆరేళ్లు ఆ గేటు లోపల ఉన్నదాన్ని. మేము ఆ బండ్లను చూసీ చూడనట్టు ఊరుకున్నాం. ఊరుకోకూడదని అప్పుడే అనాల్సింది.

పిల్లలకూ ఒక మాట. బాబాయిగారిని గుద్దిన ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. చెల్లెల్ని ట్యూషన్‌లో దింపడానికి వెళుతున్నాడు. ఇప్పటికీ సాయంత్రం పూట వచ్చి ఆయన పక్కన కూర్చుని పేపరు చదివి వినిపిస్తాడు. బండి మాత్రం ముట్టడం లేదు. లైసెన్సు వయసు వచ్చాక నేర్పుతానని నేను మాటిచ్చాను. అప్పటిదాకా సైకిలు తొక్కుతున్నాడు.

మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఈ రోజు లెక్కపెట్టాను. తొమ్మిది ఈ-బండ్లున్నాయి. నాలుగింటికి నంబరు లేదు. ఆ నాలుగింట్లో ఎన్నింటికి వైరు తీశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఉంది. మీ ఇన్‌స్పెక్టరును మా సెల్లారుకే ముందు పంపండి. యజమానులతో నేను మాట్లాడి ఉంచుతాను, ఎవరూ అడ్డు చెప్పరు. గేటు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్సు అధ్యాపకురాలు,
పటమట, విజయవాడ.